మేనిచాయ: యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసము



యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృత్యర్థము జరుగు ఉపన్యాసములయందు, ఆయన కండరముల శక్తిరహస్యమును భేదించిన వృత్తాంతమునో, బోదకాలునకు మందు తెచ్చిన వృత్తాంతమునో, ఆయన పర్యవేక్షణమున వెలువడిన ఆరియోమైసిన్ అను ఔషధపు మహిమనో వర్ణించుట పరిపాటి. నేను మనుష్యుని మేనిచాయను గూర్చి ప్రసంగింతునని తెలిపినప్పుడు, దీనికిని ఆ మహనీయునకును సంబంధమేమని నిర్వాహకులు సందేహించిరి. సంబంధము కలదు; అది అతికించినది కాదు. న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్‌లో, ఆయన పరిశోధనాధిపతిగా నున్న లెడర్లీ ప్రయోగశాలలో, 1945వ సంవత్సరమున ఏ ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా నిర్మింపబడి ప్రపంచమునకు అందెనో, ఆ పదార్థమును ఎండబారినుండి కాపాడుకొనవలసి వచ్చుటయే ఉష్ణదేశముల మానవుడు నల్లనివాడగుటకు ముఖ్యకారణమని నేటి జీవశాస్త్రజ్ఞులలో పెక్కురు విశ్వసించుచున్నారు. ఆ ఊహ మొలకెత్తునాటికి సుబ్బారావుగారు దివంగతులై ముప్పది సంవత్సరములు కావచ్చినది. భీమవరమున పుట్టి, తన సోదరులను బలిగొనిన స్ప్రూ వ్యాధికి, అనగా మన పెద్దలు సంగ్రహణి యని వ్యవహరించు దానికి, మందు కనుగొనవలెనని సముద్రములు దాటివచ్చిన ఆ చామనచాయ మనుష్యుడు తాను వెదకిన మందునందే తన మేనిచాయకును కారణము దాగియున్నదని తెలియకయే కన్నుమూసెను.

మేనిచాయను కొలువదలచిన పరిశోధకుడు ముఖమును చూడడు. చొక్కా చేతిని పైకి మడువుమని చెప్పి, భుజమునకును మోచేతికిని నడుమ, ప్రక్కటెముకలను ఒరసికొనియుండు లోపలివైపున, ఎండ సోకని తావున, అరచేత ఇముడు చిన్న కాంతిమాపకమును ఆనించి, పంపిన వెలుగులో ఎంతపాలు తిరిగివచ్చెనో లెక్కించును. ముఖమున కనబడునది పుట్టుకయు ఎండయు కలిసిన రంగు. బాహువు లోపలిది పుట్టుక రంగు. ఆ తావునుండియే ఆవగింజంత చర్మమును తీసి, పలుచగా కోసి, సూక్ష్మదర్శినిక్రింద నుంచినచో, పైన నిర్జీవమైన పొరలును, వానిక్రింద సజీవకణముల వరుసలును, అట్టడుగు వరుసయందు అచ్చటచ్చట కొమ్మలు చాచిన వేరొక జాతి కణమును కానవచ్చును. దీనిని మెలనోసైటు అందురు. వర్ణకకణమని మనము పిలుచుకొనవచ్చును. ఇది తన కొమ్మలతో చుట్టునున్న సుమారు 36 చర్మకణములను తాకుచు, తనలో తయారైన వర్ణకపు రేణువులను వానికి అందించుచుండును. టైరోసిన్ అను అమైనో ఆమ్లము టైరోసినేజ్ అను ఎంజైము చేత క్రమక్రమముగా మార్పుచెంది మెలనిన్ అగును. ఆ మెలనిన్ కూడిన రేణువు చర్మకణమును చేరినపిదప ఎచ్చటనో ఒకచోట పడియుండదు, కణకేంద్రమునకు సరిగా సూర్యునివైపున చేరి, ఎండలో తల్లి బిడ్డకు గొడుగు పట్టినట్లు, అందలి వంశపదార్థమునకు నీడ పట్టును. ఎన్నిమారులు చూచినను నాకు ఈ దృశ్యమునందు తనివి తీరదు.

నల్లనివారికి ఈ వర్ణకకణములు ఎక్కువగాను, తెల్లనివారికి తక్కువగాను ఉండునని చదువుకొన్నవారు సైతము తలంతురు. అది నిజము కాదు. శరీరమున ఒకే తావును తీసికొన్నచో, స్వీడను దేశీయునకును సూడాను దేశీయునకును కణముల సంఖ్య ఇంచుమించుగా సమానమే. భేదమంతయు రేణువులయందున్నది: నల్లని చర్మమున అవి పెద్దవై, విడివిడిగా పరచుకొని, పైపొరలవరకు నశింపక నిలుచును, తెల్లని చర్మమున అవి చిన్నవై, గుంపులుగా ముడుచుకొని, త్వరగా కరగిపోవును. మెలనిన్ సయితము ఒక్క తీరుది కాదు; నల్లనిది, గోధుమవన్నెది ఒకటి, ఎర్రజుట్టువారియందు విశేషముగా కనబడు పసుపుటెరుపుది మరియొకటి. 1979లో ఫిలడెల్ఫియా నగరమున పరిశోధకులు జరిపిన కొలతలనుబట్టి, చర్మమును కమలజేయు అతినీలలోహిత కిరణములలో తెల్లవారి పైపొరను దాటి లోనికి చొచ్చునవి నూటికి 24 పాళ్లు కాగా, నల్లవారి పైపొరను దాటునవి 7 పాళ్లు మాత్రమే. ప్రకృతి ఇంత పటిష్ఠమైన రక్షణను ఏ ప్రయోజనమునకై కల్పించెనను ప్రశ్నకు ఉత్తరము వెదకుటయే నేటి ప్రసంగమునకు ప్రధానమైన పని.

దానికి ముందు ఈ కణము పుట్టుకను గూర్చి ఒక్క మాట చెప్పక ముందునకు సాగలేను. ఇది చర్మమున పుట్టినది కాదు. తల్లి గర్భమున పిండము మూడు నాలుగు వారముల వయస్సున నున్నప్పుడు, వీపుమీది పలుచని పొర ఇరుప్రక్కల లేచి, నడుమకు వంగి, అంచులు కలిసి ఒక నాళమగును. మెదడునకును వెన్నుపామునకును మూలమైన నాడీనాళము అదియే. ఆ అంచులు కలియు తావునుండి విడివడిన కణములు దేహమంతటికిని వలసపోయి, కొన్ని నాడులుగను, కొన్ని ముఖమందలి ఎముకలుగను, కొన్ని ఈ వర్ణకకణములుగను పరిణమించును. నాడీనాళము చక్కగా మూతపడుటకు తల్లి రక్తమున ఫోలిక్ ఆమ్లము సమృద్ధిగా ఉండవలెను. అది కొరవడినచో కొందరు శిశువులు వెన్ను తెరచుకొనియో, తలపుర్రె ఏర్పడకయో పుట్టుదురు. మేనికి నలుపు నిచ్చు కణమును, ఆ నలుపు పరోక్షముగా కాపాడు నాళమును ఒక్క కుదుటనుండియే వెలువడినవన్నమాట.

మనకు అత్యంత సన్నిహిత బంధువైన చింపాంజీ వెండ్రుకలను తొలగించి చూచినచో, లోని చర్మము చాలవరకు పాలిపోయిన తెలుపు. మన పూర్వులును మొదట అట్టివారే అయియుందురు. ఆఫ్రికా పచ్చికబయళ్లలో ఎండవేళ దూరములు నడచుటకును పరుగెత్తుటకును అలవడిన మానవజాతికి, దేహము చల్లబడుటకు చెమట ఆధారమయ్యెను, చెమట ఆరుటకు బొచ్చు అడ్డమయ్యెను, బొచ్చు పోయెను. బొచ్చు పోయిన చర్మము నడినెత్తి సూర్యునికి బట్టబయలయ్యెను. వర్ణకోత్పత్తిని శాసించు ఎమ్‌సీ1ఆర్ అను జన్యువునందలి వ్యత్యాసములను పరిశీలించి, నలుపునకు అనుకూలించు రూపము కనీసము 12 లక్షల సంవత్సరములకు పూర్వమే ఆఫ్రికాలో స్థిరపడినదని యూటా విశ్వవిద్యాలయమున అలన్ రోజర్స్ ప్రభృతులు 2004లో లెక్కగట్టిరి. అనగా ఆధునిక మానవుడు అవతరించుటకు ఎంతో పూర్వమే మన వంశము నల్లనిది. తెలుపు తరువాతి కథ.

ఎండవలన చర్మమునకు పుండ్లు, కాన్సరు వచ్చును గనుక నలుపు రక్షణగా ఏర్పడెనని పూర్వము చెప్పుచుండెడివారు. కాని అట్టి కాన్సరులు సాధారణముగా నడివయస్సు దాటిన పిమ్మట, బిడ్డలను కనిపెంచిన తరువాత వచ్చును. ప్రకృతివరణమునకు సంతానముతోనే పని గదా. అందుచేత సంతానమునే దెబ్బతీయు కారణ మేదో ఉండవలెను. ఆ కారణపు మొదటి జాడ మన దేశముననే కనబడినది. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, బట్టలమిల్లులలో పనిచేయు పేద గర్భిణులకు కలుగు ఘోరమైన రక్తహీనతను పరిశీలించి, ఈస్టునుండి తీసిన మార్మైట్ అను చవుకైన తినుబండారముచే అది కుదురునని 1931లో ప్రకటించెను. ఆ అజ్ఞాతపదార్థమును 1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయమువారు నాలుగు టన్నుల పాలకూరనుండి వేరుచేసి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. నాలుగు సంవత్సరములకు లెడర్లీవారు దానిని ప్రయోగశాలలో నిర్మించి, రోగులకు చాలినంతగా సరఫరా చేసిరి. సంగ్రహణికిని, గర్భిణుల రక్తహీనతకును అది దివ్యౌషధమయ్యెను.

ఆ పదార్థమునకు ఒక బలహీనత కలదు: అది వెలుగును సహింపలేదు. 1978లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున రాబర్ట్ బ్రాండా, జాన్ ఈటన్ అనువారు మనుష్యరక్తమునుండి తీసిన ప్లాస్మాను ఎండను పోలిన తీవ్రమైన కాంతిలో ఉంచగా, ఒక్క గంటలో అందలి ఫోలేటు, అనగా ఫోలిక్ ఆమ్లపు సహజరూపము, 30 మొదలు 50 శాతము వరకు నశించెను. చర్మవ్యాధులకై అతినీలలోహిత చికిత్స పొందుచున్న తెల్లవారి రక్తమునందును ఫోలేటు తక్కువగా కనబడినది. నలుపు చర్మము ఈ పోషకమును కాపాడుచున్నదేమోయని వారు సూచించిరి. సూచన చాలకాలము గ్రంథాలయమున మూలుగుచుండెను. ఆ సంవత్సరముననే నాసావారు నింబస్-7 ఉపగ్రహమును ఆకాశమునకు పంపిరి. భూతలమున ఏ తావున ఎంత అతినీలలోహిత కాంతి పడుచున్నదో ఆ ఉపగ్రహపు పరికరము కొలిచిన కొలతలను, వివిధ ప్రాంతముల ఆదిమజనుల చర్మపు కొలతలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారు నీనా జబ్లాన్స్కీ, జార్జి చాప్లిన్ దంపతులు. బ్రాండా ఈటన్‌ల వ్యాసమును చదివిన జబ్లాన్స్కీ, ఫోలేటు లోపమునకును నాడీనాళ దోషములకును గల సంబంధమును గూర్చిన ఉపన్యాసమును విని, రెండింటిని ముడివేసెను. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండగా 2000వ సంవత్సరమున వారు ప్రకటించిన వ్యాసము ఈ శాస్త్రమునకు మూలస్తంభ మయినది. రంగు మారుట వేడిమినిబట్టి కాదు, వానలనుబట్టి కాదు, జాతినిబట్టి కాదు. కంటికి కనబడని ఆ కాంతినిబట్టి. ఫోలేటు కథ ఇంకను పరీక్షలకు గురియగుచునే యున్నది, చెమట, నీటినిలువ మున్నగు ఇతర కారణములను ముందునకు తెచ్చువారును కలరు. కాని నలుపును, కాంతిని కలిపిన ఆ పటము మాత్రము చెదరలేదు.

మరి తెలుపెట్లు వచ్చినది? ఎండ నశింపజేయునది ఫోలేటు కాగా, ఎండ లేనిదే పుట్టనిది విటమిన్ డి. చర్మమందలి కొలెస్టరాల్ జాతి పదార్థమొకటి అతినీలలోహిత కిరణములు సోకగానే మార్పుచెంది ఆ విటమిన్ అగును. అది లేనిచో సున్నము ఎముకలకు పట్టదు, బిడ్డల కాళ్లు వంకరలు పోవును, ఆడుబిడ్డల కటివలయము ఇరుకై పెద్దయైన పిమ్మట కాన్పు ప్రాణాంతక మగును. నలుపు కాపుదల ఉష్ణదేశమున వరము, ఉత్తరదేశమున భారము. 1988లో బోస్టనులో మైకేల్ హోలిక్ సహచరులు జరిపిన ప్రయోగము నా మనస్సున చెరగక నిలిచినది. 42 డిగ్రీల అక్షాంశముననున్న బోస్టనులో నవంబరు మొదలు ఫిబ్రవరివరకు, మబ్బులేని మధ్యాహ్నమున సయితము, చర్మమున విటమిన్ డి ఆవగింజంతయు తయారు కాలేదు. 53 డిగ్రీలు దాటియున్న కెనడాలోని ఎడ్మంటన్‌లో అక్టోబరునుండి మార్చివరకు అదే స్థితి. 34 డిగ్రీలనున్న లాస్ ఏంజిలిస్‌లోను, 18 డిగ్రీలనున్న ప్యోర్టోరికోలోను జనవరియందును తయారయినది. భీమవరము 16 డిగ్రీలు దాటిన తావు. హైదరాబాదు 17 దాటినది. మన మేనిచాయ ఆ సూర్యునికి సరిపోవునట్లు తీర్చబడినది. న్యూజెర్సీలోను, మిషిగన్‌లోను, బోస్టనులోను కార్యాలయమునుండి కారునకు, కారునుండి ఇంటికి నడచు మన యువకుల రక్తమున డి తక్కువయని వైద్యులు వ్రాసియిచ్చుచున్నారనిన ఆశ్చర్యమేమి?

మనకు పూర్వమే ఈ కష్టము ననుభవించినవారు ఈ అమెరికా దేశమున కలరు. దక్షిణరాష్ట్రములనుండి ఉత్తరపు నగరముల ఇరుకుగదులకు తరలివచ్చిన నల్లజాతివారి బిడ్డలలో రికెట్స్ అను ఎముకల వ్యాధి విపరీతముగా ప్రబలగా, న్యూయార్కు నగరమందలి కొలంబస్ హిల్ పేటలో ఆల్‌ఫ్రెడ్ హెస్ అను వైద్యుడు కాడ్ చేపనూనెను పంచి, వ్యాధిని అరికట్టవచ్చునని 1917లో నిరూపించెను. విస్కాన్సిన్‌లో హ్యారీ స్టీన్‌బాక్ ఆహారపదార్థములకు అతినీలలోహిత కాంతి సోకించి డి కలుగజేయు విధానమును 1924లో ప్రకటించెను. తరువాత పాలలో డి కలుపుట దేశాచారమయ్యెను. 1967లో లూమిస్ అను శాస్త్రజ్ఞుడు తెలుపు పుట్టుకకే ఈ విటమిన్ కారణమని వాదించెను. అలాస్కాయందలి ఎస్కిమోజాతులవారు అంతటి ఉత్తరమున నివసించియు పాలిపోకుండుట ఈ వాదమునకు విరుద్ధముగా తోచును గాని, వారు తిను సీలుమాంసమునందును, చేపలయందును డి పుష్కలముగా నున్నది. సూర్యుడు ఈయనిది సముద్రము వారి కిచ్చినది.

ఇంతవరకు ప్రకృతి చేసిన పని. ఈ ప్రకృతిధర్మమును మనుష్యుడు చదివిన తీరు వేరు. ఫిలడెల్ఫియాలో 1796లో హెన్రీ మాస్ అను వర్జీనియా దేశపు నల్లజాతి మనుష్యుడు తన దేహమును ప్రదర్శించి జీవించుచుండెను. బొల్లి వ్యాపించి అతని చర్మము తావులు తావులుగా తెల్లనైనది. అమెరికా స్వాతంత్ర్యప్రకటనమున చేవ్రాలు చేసిన మహానుభావుడును, బానిసత్వమును ద్వేషించినవాడును, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున వైద్యాచార్యుడును అగు బెంజమిన్ రష్ అతనిని పరీక్షించి, నల్లరంగు కుష్ఠువంటి రోగమనియు, అది నయమగు కాలము రావచ్చుననియు 1799లో ముద్రితమైన వ్యాసమున నిర్ణయించెను. దయగలవాడే, నల్లవారిపై మరింత కరుణ చూపవలెననియే ఆయన అభిమతము. కాని తెలుపు ఆరోగ్యము, నలుపు వ్యాధి యని మొదటనే నిశ్చయించుకొన్న దృష్టికి బొల్లి యను వ్యాధి చికిత్సగా కనబడినది. సద్బుద్ధి ఒక్కటియే సత్యమునకు దారి చూపజాలదని చెప్పుటకు ఇంతకన్న నిదర్శనము నాకు తోచదు.

న్యాయస్థానములును ఇట్టి చిక్కునందే పడినవి. 1790 నాటి చట్టము ప్రకారము అమెరికా పౌరసత్వమునకు తెల్లనివాడును స్వతంత్రుడును అగు పరదేశీయుడు మాత్రమే అర్హుడు. 1870లో ఆఫ్రికా సంతతివారికిని ఆ హక్కు లభించెను. ఆసియావాసులు నడుమ మిగిలిపోయిరి. జపానునుండి వచ్చిన తకావో ఒజావా తన చర్మము తెల్లనిదని వాదింపగా, 1922 నవంబరున సుప్రీంకోర్టు, రంగు ఒకే జాతియందే మనుష్యునికి మనుష్యునికి మారుచుండును గనుక అది ప్రమాణము కాదనియు, తెల్లవాడనగా కకేషియన్ జాతివాడనియు తీర్పు చెప్పెను. మూడు మాసములు గడచినవి. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యమున పనిచేసిన పంజాబీయుడు భగత్ సింగ్ థిండ్, పండితుల వర్గీకరణము ప్రకారము తాను కకేషియన్‌నని నిలువగా, 1923 ఫిబ్రవరి 19వ తేదీన అదే న్యాయస్థానము, అదే జార్జి సదర్లాండ్ అను న్యాయమూర్తి లేఖినితో, పండితుల మాట ప్రమాణము కాదు, సామాన్యుడు ఎవరిని తెల్లవానిగా తలచునో వాడే తెల్లవాడని చెప్పెను. అంతకుముందు పౌరసత్వము పొందిన భారతీయులనుండి అది లాగివేయబడెను. శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుడు వైష్ణోదాస్ బగాయ్ ఆ అవమానమును భరింపలేక 1928లో ప్రాణము తీసికొనెను. సుబ్బారావుగారు హార్వర్డునకు వచ్చినది ఈ 1920ల తొలినాళ్లలోనే. తన సహచరుడు ఫిస్కేతో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించినప్పుడును, 1929లో కండరముల శక్తికి మూలమైన ఏటీపీని వెల్లడించినప్పుడును, యుద్ధకాలమున ఒక మహాప్రయోగశాలను నడిపినప్పుడును, ఆయన ఈ దేశపు చట్టమునకు పరదేశీయుడే. భారతీయులకు పౌరసత్వపు ద్వారము 1946 జూలైలో గాని తెరువబడలేదు. ఆయన పౌరుడు కాకయే 1948 ఆగస్టున గతించెను. ఆ లెడర్లీ ప్రయోగశాలనుండి వెలువడిన ఫోలిక్ ఆమ్లము ఎవరి చర్మమును చూచి పనిచేయలేదు.

తెలుపే ప్రమాణమను ఆ చూపు పూర్తిగా మారినదని అనలేను. 1975లో ఫిట్స్‌ప్యాట్రిక్ అను చర్మవైద్యుడు చర్మమును తరగతులుగా విభజించినప్పుడు మొదట ఉన్నవి నాలుగు, అవి తెల్లవారికై ఏర్పరచినవి. గోధుమవన్నెకును నలుపునకును రెండు తరగతులు తరువాత చేర్చబడినవి. వ్రేలికి తగిలించి రక్తమందలి ప్రాణవాయువును కొలుచు ఆక్సిమీటరు నల్లవారియందు ఎక్కువ చూపి లోపమును మరుగుపరచుచున్నదని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు 2020లో, కోవిడ్ విజృంభించుచున్న వేళ, ప్రకటించిరి: పరికరము సరిగా నున్నదని చెప్పిన వేళ నిజమునకు ప్రాణవాయువు తగ్గియున్నవారు తెల్లవారిలో నూటికి 3.6 గాను, నల్లవారిలో 11.7 గాను తేలిరి. మెలనిన్ కాంతిని పీల్చునను సామాన్యవిషయమును పరికరము నిర్మించినవారు చాలినంతగా పరీక్షింపలేదు. శ్వాస అందని రోగికి ఆ అశ్రద్ధ మూల్యమేమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక జన్యువులు. బెంజమిన్ రష్ బోధించిన పెన్సిల్వేనియా రాష్ట్రముననే ఈ విషయమున మహత్తరమైన పనులు జరుగుట విధివిలాసమో ఏమో. మన గంగాపరీవాహకపు వాగులలో తిరుగు చారలచేపయందు చారలు వెలసిపోయిన బంగారువన్నె జాతియొకటి ప్రయోగశాలలలో పెరుగుచుండెను. హెర్షీలోని వైద్యకళాశాలలో కీత్ చెంగ్ బృందము ఆ లోపమునకు కారణమైన జన్యువును పట్టుకొని, మనుష్యుల జన్యువును ఆ చేపపిండమున ప్రవేశపెట్టగా చారలు మరల నల్లబడినవి. ఎస్‌ఎల్‌సీ24ఏ5 అను ఆ జన్యువునందు ఒక్క అక్షరము మారుటచేత, ప్రోటీనునందు 111వ స్థానమున అలనీన్ ఉండవలసినచోట థ్రియొనీన్ చేరును. ఐరోపీయులకును ఆఫ్రికనులకును గల వర్ణభేదమున 25 నుండి 38 శాతమువరకు ఈ ఒక్క మార్పునుండియే కలుగునని వారు 2005లో ప్రకటించిరి. తూర్పు ఆసియావారి తెలుపు వేరొక మార్గమున, వేరు జన్యువుల మార్పులచే వచ్చినది. ఐరోపాయందును తెలుపు అనాదిసిద్ధము కాదు: స్పెయిన్‌లో 7,000 సంవత్సరములనాటి వేటగాని అస్థికలనుండి తీసిన జన్యువులు నల్లని మేనిని, నీలి కన్నులను సూచించినవి. రష్ ఆచార్యత్వము నెరపిన విశ్వవిద్యాలయమునుండియే 2017లో సారా టిష్కాఫ్, ఇథియోపియా, టాంజానియా, బోట్స్వానాలలో రెండువేలకు పైగా మనుష్యుల బాహువులను కొలిచి, జన్యువులను చదివి, తెలుపు కలిగించు రూపములలో అనేకము ఆఫ్రికాలోనే, ఆధునిక మానవునికి పూర్వమే పుట్టినవనియు, దక్షిణాసియావారి నలుపునందు కొంత ఆఫ్రికనులతో పంచుకొన్న ప్రాచీనదాయమనియు చూపెను. తెలుపు ఒకరి సొత్తు, నలుపు ఒకరి సొత్తు అనుటకు ఇక తావు లేదు.

మన సంగతి హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు తంగరాజ్ ప్రభృతులు ఎస్టోనియావారితో కలిసి 2013లో పరిశీలించిరి. ఆ 111వ స్థానపు మార్పు భారతదేశమున విస్తారముగా కలదు, ఐరోపీయులది మనది ఒక్క పూర్వజునినుండి దిగివచ్చినదే. వాయవ్యమున హెచ్చు, దక్షిణమున తగ్గు. ఇంగ్లండున నివసించు తెలుగువారి జన్యువులు వేయిమంది జన్యుపట పరిశోధనయందు చేర్చబడియున్నవి. వానియందు రెండు రూపములును కనబడుచున్నవి. కావున ఒక్క కడుపున పుట్టిన అక్క పసిమిచాయగా, చెల్లెలు నల్లగా ఉండుటలో వింత లేదు. రంగును నిర్ణయించు జన్యువులు పదులకొలది. తల్లిదండ్రులు చామనచాయవారైనచో వారిలో రెండు తీరుల రూపములును దాగియుండును, బిడ్డకు ఏవి సంక్రమించునో ఎవరు చెప్పగలరు? అట్టి చెల్లెలికి తల్లి వరుసవారు, తండ్రి వరుసవారు వేరువేరుగా కారణములు వెదకి, ఆ బిడ్డ యెదుటనే చెప్పుకొనుట వినినప్పుడు నా హృదయము కలుక్కుమనును. ద్రౌపదిని కృష్ణయని పిలుచుకొన్న సాహిత్యమునకు వారసులము మనము.

వివాహప్రకటనలలో తెల్లని వధువును కోరువారు ఈ అమెరికాలోను తక్కువగా లేరు. తెల్లబడుటకై స్టెరాయిడు కలిసిన పూతమందులను నెలలతరబడి ముఖమునకు రాచుకొని, చర్మము పలుచబడి, ఎర్రని నాళములు పైకి తేలి, ఎండలోనికి పోలేని స్థితిలో నావద్దకు వచ్చిన మన యువతులను చూచితిని. లక్షల సంవత్సరములుగా వారి తల్లుల గర్భములను కాపాడిన పొరను వారు స్వహస్తములతో గీచివేసికొనుచున్నారు. ఆ మందు మానుమని చెప్పుట సులభము. చర్మము మరల కోలుకొనుటకు చాలకాలము పట్టును, మనస్సు కోలుకొనుటకు అంతకన్న ఎక్కువ.

గర్భవతియైన కోడలికి బిడ్డ ఎర్రగా బుర్రగా పుట్టవలెనని అత్తగారు కుంకుమపువ్వు కలిపిన పాలు కాచి ఇచ్చుట మనలో కలదు. ప్రేమతో ఇచ్చునది, త్రాగినందున కీడు లేదు, బిడ్డ రంగుపై దాని ప్రభావమును లేదు. కాని ఆ కోడలికి నిజముగా కావలసినది ఫోలిక్ ఆమ్లపు మాత్ర. అదియు నెల తప్పిన పిమ్మట కాదు, ముందునుండియే. నాడీనాళము గర్భధారణమునుండి 28 దినములలో మూతపడును; అప్పటికి చాలమందికి తాము గర్భవతులమనియే తెలియదు. అందుకే ఈ దేశపు ప్రజారోగ్యశాఖ, గర్భము ధరింపగల వయస్సుననున్న ప్రతి స్త్రీయు దినమునకు 400 మైక్రోగ్రాములు తీసికొనవలెనని 1992లో చెప్పెను. 1998నుండి ఎన్‌రిచ్డ్ అని ముద్రించిన పిండియందును ధాన్యమునందును ఫోలిక్ ఆమ్లము కలుపుట తప్పనిసరి చేసిరి. దీనివలన ఏటా సుమారు 1,300 మంది శిశువులు ఆ దోషము లేకుండ పుట్టుచున్నారని అంచనా. ఐనను ఆ నియమము బ్రెడ్డునకు చెల్లును గాని, మనము ఇండియన్ అంగడినుండి కారు డిక్కీలో వేసికొని తెచ్చు సోనామసూరి సంచికి చెల్లదు. మూడుపూటల ఆ అన్నమే భుజించు ఇంటికి ప్రభుత్వము కలిపిన ఫోలిక్ ఆమ్లము చేరుట లేదు. పుట్టిన బిడ్డకు తల్లిపాలలో డి చాలదు గనుక దినమునకు 400 యూనిట్ల చుక్కలు వేయవలెనని ఇక్కడి శిశువైద్యుల పరిషత్తు చెప్పుచున్నది. నలుగు పెట్టి నీళ్లు పోయుటకు విమానమెక్కి వచ్చిన అమ్మమ్మగారు ఆ చుక్కలసీసాను అలమారపై మరచిపోకుండ చూడవలసినదిగా ఆ బిడ్డల తండ్రులను నేను అడుగుచున్నాను. పెండ్లియైన ఆడపిల్లలు ఈ సభలో చాలమంది ఉన్నారు. ఫోలిక్ ఆమ్లపు మాత్ర వెల స్వల్పము, వైద్యుని చీటీ అక్కరలేదు, ప్రతి ఔషధశాలలోను విటమినుల అరలో దొరకును.